కుక్కల వాన, పదును వాన

మొన్న ఆదివారం మధ్యాహ్నం వంటిల్లు సర్దేసి, కాస్సేపు నడుం వాలుద్దామని చాప పరిచానో లేదో, మా అమ్మాయి ఇంగ్లీషు నోటుబుక్కు పట్టుకొచ్చి తలదగ్గర కూర్చుంది. ఎనిమిదో తరగతి చదువుతోంది. పది ఇంగ్లీషు జాతీయాలిచ్చి, ఒక్కొక్కదానికీ అర్థమూ, సొంత వాక్యమూ, పక్కనే తెలుగులో దానికి సరిపోయే మాటా రాసుకుని రమ్మన్నారట. జాబితాలో మొట్టమొదటిది, "ఇట్ ఈజ్ రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్."

"వానకీ పిల్లులకీ ఏం సంబంధమమ్మా?" అంది.

నాకు నవ్వొచ్చింది. సరిగ్గా ఈ ప్రశ్నే నేనూ అడిగి చీవాట్లు తిన్నాను, 1990ల మొదట్లో, ఈ కర్నూల్లోనే. జూన్ నెలాఖరు. బడి తెరిచి పదిహేను రోజులైనా ఎండ మాత్రం మే నెలలాగే కాస్తోంది. మా టీచరమ్మ బోర్డు మీద ఆ వాక్యం రాసి, "అంటే కుండపోతగా వర్షం కురుస్తోందని అర్థం, రాసుకోండి" అన్నారు. నలభైమందిమీ ఒక్కసారి కిటికీలోంచి బయటికి చూశాం. వేపచెట్టు కింద ఓ కుక్క నాలుక బయటపెట్టి రొప్పుతూ పడుకునుంది. కుక్క ఉంది గానీ వానే లేదు. "కుక్కలెందుకు పడతాయి టీచర్?" అని లేచి అడిగాను. "ఇంగ్లీషువాళ్ళు అట్లాగే అంటారు, నోరు మూసుకుని కూర్చో" అన్నారు.

ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని ఆ వాక్యాన్నే వల్లె వేస్తుంటే మా జేజి విని, అదేందో తెలుగులో చెప్పమంది. (కోస్తా పాఠకురాళ్ళ కోసం చెబుతున్నాను, మా వైపు నాయనమ్మను జేజి అంటాం.) కోవెలకుంట్ల దగ్గర నల్లరేగడి పల్లె ఆమెది. నేను చెప్పింది విని, వక్కాకు నములుతూ కాస్సేపు ఆలోచించి, "కుక్కలూ పిల్లులూ పడితే ఏం జేసుకుంటారుమే? పదునైందా లేదా, అది సెప్పు" అంది.

ఆ రోజుకి అదొక పల్లెటూరి మొరటు మాటగా తోచింది నాకు. పుస్తకంలో ఉన్న మాటేమో గొప్పదిగా కనిపించింది. పన్నెండేళ్ళ పిల్లని, అంతకంటే ఏం తెలుస్తుంది లెండి.

ఇన్నేళ్ళ తర్వాత మా అమ్మాయికి "కుండపోత అని రాసెయ్యి" అనబోయి, ఆగిపోయాను. ఆ మాట మీద నాకొక పాత బాకీ ఉంది. దాని సంగతి తర్వాత చెప్తాను. ముందు పిల్లల్లీ కుక్కల సంగతి తేల్చుకుందాం. బి.ఏ.లో స్పెషల్ ఇంగ్లీషు చదివినందుకు ఆ మాత్రం బాధ్యత ఉంది కదా.

ఈ మాట పుట్టుక గురించి చలామణీలో ఉన్న కథల్లో గడ్డికప్పుల కథ మొదటిది. పూర్వం ఇంగ్లండులో ఇళ్ళకు గడ్డి కప్పేవారట. చలికి కుక్కలూ పిల్లులూ ఆ కప్పులో దూరి వెచ్చగా పడుకునేవట. పెద్ద వానకి కప్పు జారుడై అవన్నీ దబాదబా కింద పడేవట. 1999లో కంప్యూటర్ల మీద చేతులు మారిన ఒక ఉత్తరంతో ఈ కథ లోకమంతా పాకింది. శుద్ధ అబద్ధం. బోదకొట్టం ఒక్కసారి చూసినవాళ్ళెవరూ దీన్ని నమ్మరు. గడ్డి పేర్చేదే నీళ్ళు జారిపోవడానికి. వానొస్తే కుక్క చూరు కిందికి వస్తుంది గానీ కప్పు మీదికి ఎక్కుతుందా? మా జేజిది మట్టిమిద్దె. ఏటా వానలకు ముందు బండెడు చవుడు మట్టి తోలించి మిద్దె మీద పరిపించేది. అయినా ఎక్కడో ఒకచోట ఉరిసేది. కారడాన్ని మేం ఉరవడం అంటాం. చెంబులూ తపేలాలూ ఇల్లంతా పెట్టుకుని, "ఈ వానకు మిద్దె ఉరిసింది" అని ఊళ్ళో చెప్పుకుంటే ఎంత వాన పడిందో అందరికీ తెలిసిపోయేది. ఆ మిద్దె మీద పిల్లులు తిరిగిన మాట వాస్తవమే. పడగా మాత్రం నేను చూడలేదు.

పాత నార్సు దేవుళ్ళ వెంట తిరిగే కుక్కల వల్ల వచ్చిందనీ, జలపాతాన్ని సూచించే ఏదో పాత మాట అరిగి "క్యాట్స్" అయిందనీ ఇంకా రకరకాలు. వీటిలో దేనికీ నమ్మించేంత ఆధారం లేదని పండితులే తోసేశారు.

కాగితం మీద దొరికేవి మాత్రం ఇవి. 1651లో అచ్చయిన హెన్రీ వాన్ కవితల్లో, జల్లులా కురిసే కుక్కల్నీ పిల్లుల్నీ తట్టుకునే కప్పు గురించిన ప్రస్తావన ఉంది. 1653లో అచ్చయిన రిచర్డ్ బ్రోమ్ నాటకంలో కుక్కలతోపాటు పోల్‌క్యాట్లు కురుస్తాయి. అది పిల్లి కాదు, కంపు కొట్టే మరో అడవి జంతువు. ఆ తర్వాతివాడు జోనాథన్ స్విఫ్ట్, మన పిల్లలంతా చదివే గలివర్ కథ రాసినాయన. ఆయన 1710లో టాట్లర్ అనే పత్రికలో లండన్ నగరంలో పడిన ఓ వాన మీద పద్యం రాశాడు. ముందు మబ్బు పట్టడం, ఆడవాళ్ళు కొంగులెత్తుకుని దుకాణాల్లోకి పరిగెత్తడం, అంతా సరదాగానే సాగుతుంది. చివరికొచ్చేసరికి వీధివీధి మురుగూ ఏకమై వరదగా పొంగుతుంది. కసాయి అంగళ్ళ చెత్తా, పేడా, నెత్తురూ, మునిగి చచ్చిన కుక్కపిల్లలూ, చచ్చిన పిల్లులూ, కూరగాయల తుక్కూ అన్నీ కలిసి కొట్టుకొస్తాయి. ఆ పద్యం కాలేజీలో చదువుతుంటే నాకు కడుపులో తిప్పింది. ఆకాశం నుంచి ఏవీ పడలేదు. వానొచ్చి వెలిసేసరికి వీధిలో కుక్కలూ పిల్లులూ చచ్చి పడున్నాయి, అంతే.

చూశారా, అదే స్విఫ్ట్ 1738లో ఇంకో పుస్తకం అచ్చువేశాడు. పెద్దింటివాళ్ళు విందుల్లో కూర్చుని మాట్లాడుకునే అరిగిపోయిన మాటలన్నీ పోగుచేసి వెక్కిరించిన పుస్తకమది. ఇవాళ బళ్ళో నేర్పే ఈ వాక్యం దాదాపు ఇదే రూపంలో అందులో ఉంది. అంటే ఏమన్నమాట? దాదాపు మూడు వందల ఏళ్ళ కిందటే, దీన్ని వాడేవాళ్ళకి సొంత మాటలు లేవని స్విఫ్ట్ ఎగతాళి చేశాడు. మనమేమో దాన్ని ఇంకా భాషకు నగ అనుకుని పిల్లల చేత పది సార్లు రాయిస్తున్నాం.

ఇంగ్లీషువాళ్ళనే అనడమెందుకు. వేల్స్‌లో ముసలమ్మలూ చేతికర్రలూ కురుస్తాయి. ఫ్రెంచివాళ్ళకి తాళ్ళు పడతాయి, గ్రీకువాళ్ళకి కుర్చీ కాళ్ళు. స్పెయినువాళ్ళది మాత్రం అచ్చం మనలాగే. కుండలతో పోసినట్టు కురుస్తుందంటారు. ఎక్కడి స్పెయిను, ఎక్కడి కుండపోత! బావి గట్టున ఆడవాళ్ళు రెండుచోట్లా ఒకలాగే నీళ్ళు మోశారు కాబోలు.

ఇక నా బాకీ.

ఏడెనిమిదేళ్ళ కిందట నేనొక నవల రాశాను. పేరెందుకు లెండి. కోవెలకుంట్ల ప్రాంతంలో ఒక పల్లె. హైదరాబాదు నుంచి చాలా ఏళ్ళ తర్వాత సొంతూరికి వచ్చిన నాయిక. ఆషాఢ మాసంలో వారం రోజులపాటు కుండపోతగా వాన. ఆ వానలో ఆమె చేనిగట్ల వెంబడి పరుగెత్తుకుంటూ వెళ్ళి చిన్ననాటి స్నేహితుణ్ణి కలుసుకుంటుంది. రెండు పేజీలు రాశాను ఆ వానని. మట్టివాసనా, మెరుపులూ, ముక్కు మీద నిలిచిన చినుకూ, అన్నీ వేశాను. చాలామంది ఆ ఘట్టమే బాగుందన్నారు.

కమలాపురం నుంచి ఒక పాఠకురాలు కార్డు రాసింది. నాలుగే నాలుగు వాక్యాలు. "మీ నవల చదివినాము. నల్లరేగట్లో వారం ముసురు పడితే ఎద్దే అడుగు తీసి అడుగు వెయ్యలేదు, మీ పిల్ల చెప్పులేసుకుని గట్టు మీద ఎట్లా పరిగెత్తిందో తెలియలేదు. అంత వాన పడితే ఆ ఊళ్ళో ఒక్కరైనా చేను ముఖం చూడలేదా? పదును ఎంతయిందో రాయలేదు."

సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. పుట్టి బుద్ధెరిగిన తర్వాత ప్రతి సెలవులకీ ఆ రేగట్లో తిరిగినదాన్ని. కాళ్ళకు అంటుకున్న మన్ను సేరు సేరు బరువుంటుందనీ, పుల్లతో గీక్కుంటూ ఇంటికి రావాలనీ నాకు తెలియదా? తెలుసు. రాసేటప్పుడు మాత్రం గుర్తు రాలేదు. ఎందుకు రాలేదా అని చాలా రోజులు ఆలోచించాను.

నాకు తోచిందేమిటంటే, నేను చిన్నప్పుడు రెండు పరాయి వానలు నేర్చుకున్నాను. ఒకటి బళ్ళో నేర్పిన లండన్ వాన. రెండోది వారపత్రికల్లో చదివిన డెల్టా వాన. నా మాటకి ఎవరూ కష్టపెట్టుకోకండి. తెలుగు నవల్లో వాన అంటే ఎక్కువభాగం గోదావరి, కృష్ణల వానే. అరుగు మీద కూర్చుని చూసే వాన, వేడివేడి మిరపకాయ బజ్జీల వాన, గొడుగు కింద ఇద్దరు నడిచే వాన. అది అక్కడ నిజం. అక్కడ కాలవలో నీళ్ళున్నాయి గనుక వాన అందంగా ఉండడానికి దానికి తీరిక ఉంది. మా దగ్గర వానకి అంత తీరిక లేదు. దాన్ని ముందు బతిమాలి పిలవాలి. రోకలికి కప్పను కట్టి ఇంటింటికీ తిప్పి దాని మీద బిందెలతో నీళ్ళు పోయించాలి. గుళ్ళో విరాటపర్వం చదివించాలి. లండన్‌లో వాన వెంట కుక్కలూ పిల్లులూ కొట్టుకొస్తే, మా దగ్గర కప్ప వెంట వాన వస్తుందేమోనని ఊరంతా చూస్తుంది.

ఇక్కడ ఒక తమాషా ఉంది. లండన్‌లో ఏడాది మొత్తానికి పడే వాన సుమారు 600 మిల్లీమీటర్లు. కర్నూలు జిల్లా సగటు 670 దాకా ఉంది, కడపది 700 ప్రాంతం. అంటే కొలతకి మనదే ఎక్కువ! మొదటిసారి ఈ లెక్క చూసినప్పుడు తప్పు చదివానేమో అనుకున్నాను. తేడా ఎంత పడిందనే దాంట్లో లేదు. అక్కడ ఏడాది పొడవునా వందకు పైగా రోజుల్లో కొంచెం కొంచెంగా తుంపర్లు పడుతుంటాయి, చల్లటి దేశం గనక తడి ఆరదు. ఇక్కడ మూడు నాలుగు నెలల్లో ఎప్పుడో పది పన్నెండు సార్లు పెద్దగా కొట్టాలి, ఆ కొట్టేది అదునులో కొట్టాలి. వారం ముందు పడినా, వారం తర్వాత పడినా పడనట్టే. మధ్యలో బెట్ట వస్తే మొలిచింది మాడిపోతుంది. అందుకే లండన్‌వాళ్ళు వానెంత గట్టిగా పడిందో చెప్పే మాట పుట్టించుకున్నారు. మా జేజి వంటివాళ్ళు అది నేలలోకి ఎంత దిగిందో చెప్పే మాట పుట్టించుకున్నారు.

పదును అంటే కత్తికైతే వాడి. నేలకైతే తడి, అదీ ఊరికే తడి కాదు. పైపైన తడిసి లోపల పొడిగా ఉంటే పదును కాదు, బురదైపోతే అదీ పదును కాదు. గొర్రు కడితే దిగాలి, మన్ను గొర్రుకి అంటుకోకూడదు. వాన వెలవగానే జేజి చేలోకి పోయి చేత్తో గుంట తీసి చూసేది. బెత్తెడు పదునా, జానెడు పదునా. పై పదునూ కింది పదునూ కలిశాయంటే ఆ రాత్రి ఇంట్లో అందరికీ నిద్ర పట్టేది. ఒకే మాట కత్తికీ నేలకీ ఎట్లా సరిపోయిందో చూడండి. రెండింటికీ పని చెయ్యడానికి సిద్ధంగా ఉండడమే అర్థం.

ఇట్లాంటి మాటల్ని గురించి కడప గడ్డ మీదే ఒకాయన చాలా గట్టిగా ఆలోచించారు. రా.రా.గా అందరికీ తెలిసిన రాచమల్లు రామచంద్రారెడ్డిగారు. 1968లో కడప నుంచి "సంవేదన" పత్రిక పెట్టి మొహమాటం లేకుండా విమర్శ రాసినాయన. మాస్కోకి పోయి అక్కడి ప్రచురణాలయంలో అనువాదాలు చేసినాయన. ఆయన "అనువాద సమస్యలు" పుస్తకానికి 1988కి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది, ఆ ఏడాదే ఆయన పోయారు. ఇంగ్లీషు మాట పక్కన తెలుగు మాట పెట్టుకుంటూ పోతే అది తెలుగు కాదనీ, ఆ సందర్భంలో తెలుగువాడు ఏమంటాడో అది పట్టుకోవాలనీ ఆ పుస్తకం వల్లే నాకు బుర్రకెక్కింది. అయితే నా కార్డు చూసుకున్నాక నాకింకో ప్రశ్న వచ్చింది. ఏ ఊరి తెలుగువాడు? నేను ఇంగ్లీషు నుంచి అనువదించలేదు. తెలుగులోనే రాశాను, తెలుగు జాతీయమే వాడాను. అయినా నా కోవెలకుంట్ల వాన అనువాదంలాగే ఉంది. కుండపోత అనేది తప్పు మాటేం కాదు, మా వైపూ అంటారు. కానీ నేను రాసేటప్పుడు ఆ కుండ నా కంటికి కనిపించలేదు, నీళ్ళూ కనిపించలేదు. స్విఫ్ట్ వెక్కిరించిన విందుబల్ల దగ్గర కూర్చున్నవాళ్ళకి పిల్లి ఎంత కనిపించిందో, నాకు కుండా అంతే.

మా సీమ వాన సాహిత్యంలోకి రానే లేదని అనడం లేదు, అట్లా అంటే కళ్ళుపోతాయి. విద్వాన్ విశ్వం "పెన్నేటి పాట" 1956 నాటిది. నీళ్ళు లేని నదిని గురించి అంత పొడుగు కావ్యం రాసి పెన్నమ్మను తెలుగువాళ్ళందరికీ చూపించారు. అనంతపురం జిల్లా నుంచి సింగమనేని నారాయణ తన కథల పుస్తకానికి "జూదం" అని పేరు పెట్టారు. వాన మీద పందెం కాసి శెనక్కాయ వేసే సేద్యానికి ఇంతకంటే సరైన పేరు నాకు తోచదు. 1996లో అకాడమీ బహుమతి అందుకున్న కేతు విశ్వనాథరెడ్డిగారు కథలు రాయడమే కాక కడప జిల్లా ఊళ్ళ పేర్ల మీద పరిశోధన కూడా చేశారు. ఆ దృష్టితో మా పేర్లు చదువుకోండి, జమ్మలమడుగులో మడుగుంది, కోవెలకుంట్లలో కుంట ఉంది. నీళ్ళు తక్కువైనచోట ఊరికి పేరు పెట్టేటప్పుడు మొదట నీళ్ళే గుర్తొచ్చాయి కాబోలు. వీళ్ళ రచనల్లో వాన దృశ్యం కాదు, లెక్క. ఇవన్నీ నా బీరువాలో ఉన్నాయి. చదివాను కూడా. కానీ నవల రాయడానికి కూర్చున్నప్పుడు చెయ్యి మాత్రం చిన్నప్పటి వారపత్రికల దారి పట్టింది. మగవాళ్ళు సేద్యం గురించి రాస్తారు, ఆడవాళ్ళం ప్రేమ గురించి రాస్తామని ఎవరో గీసిన గీత నా బుర్రలోనూ ఉందేమో. పదును చూసి ఇంటికొచ్చి చెప్పింది మాత్రం మా తాత కాదు, మా జేజి.

ఆమె దగ్గర ఇంకో మాటుండేది. "ఉత్తర చూసి ఎత్తర గంప." నాలుగు మాటలు. ఇంగ్లీషు జాతీయానికి ఇంత వ్యాఖ్యానం చేశాను గనక దీనికీ కాస్త చెయ్యాలి. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదంటారు, మఖ పుబ్బలు వరుపైతే మహాక్షామమంటారు. ఆ రెండూ పోయినా ఉత్తర కార్తె దాకా, అంటే సెప్టెంబరు రెండో పక్షం దాకా ఆశ పెట్టుకోవచ్చు. అప్పటికీ రాకపోతే ఇంక చూడవద్దు, గంపలో గిన్నెలూ గుడ్డలూ సర్దుకుని నెత్తికెత్తుకుని ఊరు వదలమని చెప్పడమది. 1876లో మొదలైన ధాత కరువులో కర్నూలు జిల్లా పల్లెలు ఎంత చితికిపోయాయో చరిత్ర పుస్తకాల్లో ఉంది. ఈ నాలుగు మాటలకి అంతకు ముందటి కరువులు కూడా తెలిసే ఉంటాయి.

ఇదేదో పాతకాలపు సంగతి అనుకోకండి. ఆదోని, కోసిగి వైపు పల్లెల నుంచి వానల్లేని ఏడు జనం పిల్లల్నీ వంటసామానునీ వేసుకుని గుంటూరు వైపు మిరపకాయలు కొయ్యడానికీ, పత్తి తియ్యడానికీ పోతారు. అట్లా పోవడాన్ని "సుగ్గికి పోవడం" అంటారు. సుగ్గి అంటే కన్నడంలో కోతల కాలం, పండగ. పొరుగు భాషలో పండగైన మాట ఇక్కడికొచ్చేసరికి ఇంటికి తాళం వెయ్యడమైంది. గంప పోయి ప్లాస్టిక్ బస్తా వచ్చింది గానీ ఉత్తర చూడడం మాత్రం పోలేదు. మరి ఈ మాటకి అర్థం రాసి సొంత వాక్యంలో ప్రయోగించమని ఏ బళ్ళోనూ నా పిల్లల్ని అడగలేదు.

ఇదంతా మా అమ్మాయికి చెప్తుంటే, "అయితే క్యాట్స్ అండ్ డాగ్స్ వాన నువ్వెప్పుడూ చూళ్ళేదా?" అంది. అది పుట్టకముందు సంగతి గనక దానికి తెలియదు. చూశాను.

2009. దేశమంతా వానల్లేని ఏడు. 1972 తర్వాత నైరుతి రుతుపవనాలు అంతగా మొహం చాటేసింది అప్పుడే. ఉత్తర చూసి గంపెత్తే ఏడే కదా అని మా చుట్టాలు అనుకుంటూ ఉండగా, సెప్టెంబరు చివర్లో మొదలైంది. ఇక్కడా పడింది, పైన కర్ణాటకలోనూ పడింది. అక్టోబరు 2, గాంధీ జయంతి, శుక్రవారం. తుంగభద్రా హంద్రీ కలిసి కర్నూలు మీదికొచ్చాయి. హంద్రీ అంటే మాకు నవ్వులాట. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసకా, ఊరి మురుగూ తప్ప అందులో ఏముంటుంది? ఆ హంద్రీ మా వీధిలోకొచ్చింది. మంత్రాలయం మునిగింది, ఏటికి అవతల అలంపురం మునిగింది. కింద శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కుల నీళ్ళు వచ్చాయి, ఆ ఆనకట్ట కట్టినప్పుడు వేసుకున్న పెద్ద లెక్కే 19 లక్షలు.

మేం పై వాటాలో అద్దెకుండేవాళ్ళం. పెద్దవాడికి మూడేళ్ళు. కింద వాటాలో ఇంటివాళ్ళు. ఇంటామెను అక్కా అనేదాన్ని. చీకట్లో ఆమె మెట్లెక్కి వస్తూ, "చీరలు తేలేదు, చీరలు తేలేదు" అంటూనే ఉంది. మనుషులొచ్చారు కదక్కా అంటే విన్లేదు. తెల్లారి చూస్తే మెట్లు సగం దాకా ఎర్రనీళ్ళు. వాడికి పాలు లేవు, తాగడానికి నీళ్ళు లేవు. చుట్టూ అన్ని నీళ్ళుండి, మిద్దె మీద పట్టుకున్న వాననీళ్ళే వడగట్టుకుని తాగాం.

నీళ్ళు తీశాక కిందికి దిగితే మోకాలి దాకా ఒండ్రు. వీధి మలుపులో ఎక్కడెక్కడి చెత్తా వచ్చి పేరుకుంది. ఒక మంచం కోడు, ఎవరిదో తిరగలి, కుళ్ళిన ఉల్లిగడ్డలు. ఒక దూడ. దాని పక్కన రెండు కుక్కపిల్లలు, ఒక పిల్లి. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడితే, ఎందుకో తెలియదు, బి.ఏ. రెండో సంవత్సరం క్లాసురూము గుర్తొచ్చింది. స్విఫ్ట్ పద్యంలో చివరి వరసలు ఒకటొకటే నా ముందు ఉన్నాయి. అంతవరకూ అది నాకు ఇంగ్లీషువాళ్ళ పిచ్చిమాట. ఆ రోజు నుంచి ఆ వాక్యం ఎవరు చమత్కారంగా అన్నా నేను నవ్వలేను. 2021 నవంబరులో చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట దగ్గరి పల్లెల్లో మనుషులూ గొడ్లూ కొట్టుకుపోయినప్పుడు, ఆ వార్త చదువుతూ ఓ స్నేహితురాలు ఇదే ఇంగ్లీషు ముక్క అంటే, వద్దని చెయ్యి పట్టుకున్నాను. ఆమెకి ఎందుకో అర్థం కాలేదు పాపం.

ఇంటామె చీరల్ని మిద్దె మీద ఆరేశాం. ఆమె పెళ్ళిపట్టుచీర మూడుసార్లు ఉతికించినా ఒండ్రు వాసన పోలేదు. ఇప్పటికీ దాచుకునే ఉంది, కట్టుకోదు.

తమాషా ఏమిటంటే, ఆ వరదను కళ్ళారా చూసిన తర్వాతే నేను ఆ నవల రాశాను. అంత చూసి కూడా వానని ముక్కు మీద చినుకుగా రాశానంటే, అచ్చులో చదివిన మాటల బలం ఎంతటిదో మీరే ఆలోచించండి.

నవల రెండో ముద్రణ వచ్చినప్పుడు ఆ రెండు పేజీలు తీసేశాను. వారం కుండపోతని ఒక్క రాత్రి వాన చేశాను. తెల్లారి నాయిక చెప్పులు చేత పట్టుకుని వాళ్ళమ్మ వెంట చేలోకి పోతుంది. తల్లి వంగి గుంట తీసి, చెయ్యి పైకెత్తి, "జానెడు పదునైంది" అంటుంది. ఆ స్నేహితుడు ఆ రోజు రాడు. అచ్చుకి పంపితే ప్రూఫులు దిద్దేవారు "పదును" కింద గీత గీసి, "తడి అందామా? పాఠకులకు తెలియదేమో" అని రాశారు. తెలిసేదాకా ఉండనివ్వండి అని తిరిగి రాశాను. మొదటి ముద్రణలో ఆ ఘట్టం నచ్చినవాళ్ళలో ఇద్దరు ముగ్గురు అలిగారు.

మా అమ్మాయి చివరికి నోటుబుక్కులో ఏం రాసిందో చూశాను. అర్థం సరిగ్గానే రాసింది. తెలుగు మాట దగ్గర "కుండపోత" అని రాసి, పక్కనే బ్రాకెట్లో "మా జేజమ్మ మాత్రం మిద్దె ఉరిసే వాన అనేది" అని చేర్చింది. తను ఎన్నడూ చూడని ముత్తవ్వ! టీచరమ్మ బ్రాకెట్టు కొట్టేసి ఒక మార్కుకి అర మార్కు వేశారు. వెళ్ళి అడుగుతావా అంది. వద్దులే అన్నాను.

రెండో ముద్రణ ప్రతి ఒకటి కమలాపురం పంపాను. పది రోజులకి కార్డొచ్చింది. "ఈసారి వాన బాగుంది. పదును సరిపోయింది. ఏం విత్తినారో రాయలేదు."